గడప బయట అత్తయ్య

పోయినవాళ్ల ప్రాణం ఇల్లు చూసుకోవడానికి వచ్చే రోజున తలుపు మీద కావలికి అంటించిన వీరుల బొమ్మలకు తెల్లకాగితం కప్పాలి. లేకపోతే కత్తులు పట్టిన ఆ ఎర్రముఖాలవాళ్లు సొంతింటి మనిషిని కూడా దయ్యమనుకుని తరిమేస్తారు. మా వీధిలో పసిపిల్లలకైనా తెలిసిన సంగతే. నాకూ తెలుసు. తెలిసే, మా అత్తయ్య వచ్చే రోజున కప్పలేదు.

బతికుండగా ఆమె దగ్గుతూ చేతులు చాస్తే నేను బిడ్డను వెనక్కి లాక్కునేదాన్ని. ఆ దగ్గు వాడికి అంటుకుంటే? ఇక పోయాక కూడా వాడికోసం చేతులు చాస్తే, వాణ్ణి తనతో తీసుకుపోతే? మా ఆయన లియాంగ్‌చెంగ్ "కాగితం అంటించావా?" అని అడిగితే "ఆఁ" అన్నాను. ఆయన పెరటి దారిన పొలం పోయే మనిషి, వీధి తలుపు చూడలేదు.

మర్నాడు సంతలో ఒక కంచరగాడిద మా పిల్లాడు ఆఫూ మీదికి దూసుకొచ్చింది. దెబ్బ తగల్లేదు. కానీ ఇంటికొచ్చి పడుకున్నవాడు మళ్లీ కళ్లు తెరవలేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది. కొర్రగంజి పెదాలకు తగిలించినా మింగలేదు. వైద్యుడి కషాయం చెంపల మీదుగా కారిపోయింది.

బెదిరి జారిపోయిన ప్రాణాల్ని పిలిచి తెచ్చే మియావో అవ్వను పిలిపించాం. ఆమె వాడి చొక్కా పట్టుకుని, సంత నుంచి వాణ్ణి పేరుతో పిలుచుకుంటూ వచ్చి, మా గడప ముందు ఆగిపోయింది.

"ఏమే, మీ అత్త పోయిన ఇల్లు ఇదేనా? ఈ కత్తుల మొగాళ్లను ఇంకా కావలి పెట్టావేం?"

పక్కింటి చుయ్‌పింగ్ నవ్వింది. "మా వదిన సంగతి తెలీదా అవ్వా? పిల్లాడి మీద ఈగ వాలినా భూతమే అంటుంది."

"నువ్వు నవ్వు ఆపు పిల్లా. పిల్లాడి ప్రాణం సంతలో లేదు. ఇదిగో, ఇక్కడుంది, వాళ్ల నాయనమ్మ ఒళ్లో. లోపలికి రానివ్వకపోతే పాపం వీధిలోనే ఉండిపోయింది. బిడ్డ బెదిరితే పట్టుకుని తెచ్చింది. తలుపు మీది వీళ్లు అడుగు పెట్టనిస్తేగా!"

లియాంగ్‌చెంగ్ తలుపు వంక చూశాడు. "అంటించానన్నావుగా" అన్నాడు. కేకలేసినా బాగుండేది. అప్పటికే వీధి వీధంతా మా వాకిట్లో ఉంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"బొమ్మలు తీసేస్తే ఇంకేవేవి దూరుతాయో అవ్వా..."

"ఇంకా భయమేనా నీకు? తియ్యి. అడ్డం పెట్టిందానివి నువ్వు, పిలవాల్సిందీ నువ్వే. అందరూ వినేటట్టు పిలువు."

గోళ్లతో గీకాను. జిగురు గట్టిపడి, ముక్కలు ముక్కలుగా ఊడింది. చుయ్‌పింగ్ మొహం తిప్పుకుంది. అప్పుడు పిలిచాను.

"అత్తయ్యా, ఇది మీ ఇల్లు. బిడ్డను మిమ్మల్ని ఎత్తుకోనివ్వనిది నేనే. కాగితం కప్పానని అబద్ధమాడిందీ నేనే. లోపలికి రండి."

నా పక్కనుంచి చల్లటి గాలి లోపలికి పోయింది. బిడ్డ పక్కన పరుపు, ఎవరో మెల్లగా కూర్చున్నట్టు, అణిగింది.

నా కాళ్లు వాటంతటవే ముందుకు ఉరికాయి, బిడ్డను లాక్కోవడానికి. ద్వారబంధం పట్టుకుని ఆగాను. ఆ ఉరకడం ఎవరూ చూడలేదనే అనుకుంటాను. ఆమె చూసే ఉంటుంది.

"అమ్మా, గంజి" అన్నాడు ఆఫూ.

లియాంగ్‌చెంగ్ గిన్నె తీసుకుని పరిగెత్తాడు. వాడు చప్పరిస్తూ తాగుతున్న శబ్దం నాకు గడప దగ్గరికి వినిపించింది.

"లోపలికి రావే. మా అమ్మ వెళ్లేదాకా వచ్చి కూర్చో" అని పిలిచాడాయన.

"తలుపు ఖాళీగా ఉంది. ఎవరో ఒకరు కావలి ఉండాలిగా" అన్నాను.

అది కూడా అబద్ధమే. లోపలికి ముఖం తిప్పలేక, వీధి వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాను.