ఫ్రిజ్‌లో మధ్య అర

దేవమణి టూరిస్టుల ప్లేట్లు కడుగుతుంటే, పెనిమిటి అహరోను రేకుల కప్పు మీంచి దిగి సంబరంగా చెప్పాడు. "నీ సీసా సూడే, రాయిలాగ గడ్డకట్టీసింది."

ఆ సీసాలో ఉన్నది నిన్న ఆసుపత్రిలో ఆమె కడుపులోంచి సూదితో తీసిన నీరు. అందులో కేన్సరు కణాలున్నాయేమో విశాఖపట్నం ల్యాబులో చూడాలి. అక్కడికి జీపు పొద్దున్నే గానీ లేదు. అంతదాకా ఫ్రిజ్‌లో చల్లగా ఉంచమని, గడ్డ మాత్రం కట్టనివ్వొద్దని నర్సు గాయత్రి చెప్పింది. అహరోను చల్లదనం వరకే విన్నాడు. తమ ఊరు లంబసింగి చలిని తానే కన్నంత గర్వం అతనికి. ఒక ఏడాది తన నీడ నేలకి అతుక్కుపోతే వేడినీళ్లు పోసి ఊడదీశానని టూరిస్టులకు చెబుతాడు. వాళ్ల కోసం రోజూ సాయంత్రం పళ్లెంలో నీళ్లు పోసి కప్పు మీద పెట్టి, పొద్దున్నే మంచుబిళ్లతో ఫొటోలు తీయిస్తాడు. ఆ పళ్లెం పక్కనే పెట్టాడు సీసాని, ప్రేమగానే.

ఫ్రిజ్‌లో చోటు లేదట మరి. పైన అత్తగారి ఇన్సులిన్, కింద టూరిస్టుల కోడిమాంసం, మధ్య అరలో వాళ్ల కూల్‌డ్రింకులు. పైగా ఒంట్లో నీళ్లు తిండి పక్కన ఏమిటన్నారు తల్లీకొడుకులు. ఆ ఫ్రిజ్‌ని తుడిచేది దేవమణే గానీ, అందులో తనదంటూ ఏదైనా పెట్టుకున్న గుర్తు లేదు. ఇన్నాళ్లూ కడుపు బరువెక్కుతున్నా గ్యాసేలే అనుకుంది, పొయ్యి దగ్గరికి మరో మనిషి లేక.

సీసా పట్టుకుని ఇద్దరూ ఆసుపత్రికెళ్లారు. గడ్డకడితే కణాలు పాడైపోతాయి, మళ్లీ తియ్యాలంది గాయత్రి. మళ్లీ సూది. మంచం పక్కన నిలబడ్డ అహరోను ఆమెకంటే ముందే కళ్లు మూసుకున్నాడు. తిరుగు జీపులో ఒక్క కోతా కొయ్యలేదు. ఆమెకి జాలీ వేసింది, నవ్వూ వచ్చింది.

ఇంటికొచ్చి కూల్‌డ్రింకులన్నీ బయట గట్టు మీద పెట్టేసింది. మధ్య అర తుడిచి కొత్త సీసాని నిలబెట్టింది. దాని మీద గాయత్రి రాసిన పేరు, దేవమణి. కాఫీ తోట, గుడారాలు, ఈ ఫ్రిజ్ కూడా ఆ పేరున లేవు. తలుపు వెయ్యకుండా కాసేపు చూసింది.

"రేపు నానట్టుకెల్తానులే," అన్నాడు అహరోను. "నువ్వెల్పోతే ఇంతమందికి ఒంట ఎవులు సేత్తారు?"

"నువ్వే సేత్తావు," అంది దేవమణి. "నానే అట్టుకెల్లి, రిపోర్టొచ్చేదాకా ఇశాకపట్నంలో మా అక్క కాడే ఉంటాను. ఏటొచ్చినా ముందు నానింటానయ్యా. నీకు మెల్లగా సెప్తాను."