పటంలో బోగోలు చుక్క

జీపు బోగోలు దాటి సముద్రం వైపు తిరిగేసరికి కరుణాకుమారికి నోరు పిడచకట్టుకుపోయింది. ముందు సీట్లో కాలేజీ వృక్షశాస్త్రం సారు పద్మనాభయ్యగారు ఆమె కుట్టిన అట్టనే ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు. అట్టమీద ఎండిన మంగ పొద కొమ్మ, వేలెడేసి ముళ్ళు, కింద చీటీ: బోగోలు తీరపు అడవి.

ఆ చీటీ అబద్ధం. ఆ సంగతి కరుణ ఒక్కదానికే తెలుసు.

నెల్లూరు కాలేజీలో ఎండిన మొక్కల్ని అట్టలకు కుట్టి భద్రపరచడం ఆమె ఉద్యోగం. పన్నెండేళ్ళ కిందట, ముసురు రోజుల్లో, కొమ్మలకు బూజు పట్టకుండా తడి పేపర్లు తీసి పొడివి మారుస్తుంటే రెండు చీటీలు తారుమారయ్యాయి. గూడూరు అడవి కొమ్మకు బోగోలు చీటీ పడింది. ఆమె కనిపెట్టేసరికి పుస్తకంలో అచ్చయిపోయింది, మంగ దొరికే చోట్ల పటంలో చుక్క కూడా పడింది. కొత్త ఉద్యోగం, నోరు మూసుకుంది. ఒక్క చుక్కేగా, ఎవడు చూడొచ్చాడు అనుకుంది.

చూడనే వచ్చారు. ఊరికీ సముద్రానికీ నడుమ ఉన్న అడవిని కొట్టి రొయ్యల గుంటలు తవ్వబోతే, ఈ తీరంలో మంగ ఉన్నది ఇక్కడొక్కచోటేనని ఆ చుక్క చూపించే ఊరివాళ్ళు ఆపించారు. పొద కనబడితే అడవి నిలుస్తుంది. లేకపోతే తనిఖీకొచ్చిన పద్మనాభయ్యగారు లేదని రాస్తారు, పొక్లెయిన్లు దిగుతాయి.

రెండు గంటలు వెతికారు. లేదని తెలిసీ కరుణ వంగి వంగి వెతికింది, పాపం, ఎంత శ్రద్ధో! ప్రభువా, ఒక్క పొద చూపించు అని లోలోపల మొరపెట్టుకుంది. చొక్కా ముళ్ళకు తగులుకుని సారు వెనకబడ్డారు. ఆమె పొదలు దూరి అవతలికొచ్చి కొయ్యబారిపోయింది.

మంగ పొద. నడుమెత్తుంది. ఆకులు వాడిపోయి ఉన్నాయి, మొదలు చుట్టూ తడిమన్ను. పక్కన బిందెతో ఒక ముసలమ్మ.

"నేను ఆదిశేషమ్మను తల్లీ, ఈ అడివి పక్కనే నా ఇల్లు," అందామె గుసగుసగా. "మీ అట్ట ఫోటో పంచాయతీ ఆఫీసులో అంటించినారు. ఉండిందని చదువుకున్నోళ్ళు రాస్తే ఉండిందే కదా. మేమే పొయ్యిలోకి కొట్టేసుంటాం. పుల్లలకొచ్చేది నేనే. నిద్రపట్టలా. అల్లుడు గూడూరు నిమ్మకాయల మార్కెట్లో పనిజేస్తాడు, ఆయన్తో తెప్పించి నాటినా. చావనీకుండా నీళ్ళు పోస్తుండా."

కరుణ ఇంతసేపూ ఉద్యోగం పోతుందనే భయపడింది. ఇప్పుడు ఈ ముసలామె ముఖం చూస్తే అంతకు పదింతలు భయమేసింది.

"కరుణా, ఉందా?" పొదల వెనకనుంచి సారు కేక.

ఉంది అంటే చాలు. అడవి మిగులుతుంది, ఉద్యోగం మిగులుతుంది. ఈమె మాత్రం చచ్చేదాకా తన కొడవలినే తిట్టుకుంటుంది.

"నువ్వు కొట్టలేదవ్వా," అంది. గొంతు పెద్దగానే వచ్చింది. "ఇక్కడ మంగ ఎప్పుడూ లేదు. చీటీ నేనే తప్పు పెట్టినా."

పద్మనాభయ్యగారు కొమ్మలు తోసుకుని వచ్చారు. తడిమన్నును చూశారు, కరుణను చూశారు. నోటుపుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టారు.

"అయితే మేము కొట్టలేదా?"

"లేదవ్వా."

ఆదిశేషమ్మ ముఖం తేటపడింది. అంతలోనే రాస్తున్న ఆ కలం కనబడి, కరుణ చెయ్యి పట్టుకుంది.

"మరి ఇప్పుడు అడివంతా కొట్టిస్తివే తల్లీ!"