యానాంలో నీళ్లు వెళ్లిపోయిన ఆదివారం

మా ఆఫీసులో నేను తొమ్మిదేళ్లుగా టెంపరరీ గుమాస్తాని. తొంభై నాలుగులో ఒక సర్క్యులర్ వచ్చింది. ఆటల కోటాలో ఒక పోస్టు ఖాళీ ఉంది, ఏదైనా పెద్ద పోటీ పూర్తి చేసినట్టు నెలాఖరులోగా సర్టిఫికెట్ తెచ్చినవాణ్ణి పర్మినెంటు చేస్తారు. పాల్గొంటే చాలదు, పూర్తి చెయ్యాలి. సికింద్రాబాద్ బోయిగూడలో పుట్టి పెరిగిన నాకు వచ్చిన ఆట క్యారమ్స్ ఒక్కటే. ఆ సర్క్యులర్‌లో క్యారమ్స్ లేదు.

"ఫికర్ చెయ్యకు జకర్యా," అన్నాడు మా సూపరింటెండెంట్ దేవానందం సారు. "యానాంల పడవ పందేలున్నయి. నాకు జోడీగ రా."

సారుకు యాభై ఏడేళ్లు, తొంభై ఏడు కిలోలు. చిలకలగూడ చర్చిలో సంఘ పెద్ద. ఆఫీసు బోటు క్లబ్బుకు ఇరవై ఏళ్లుగా కెప్టెన్, ఆ ఇరవై ఏళ్లలో ఒక్క సర్టిఫికెట్ కూడా ఎరగడు. రిటైరయ్యేలోగా ఒక్కటైనా ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించాలని ఆయన కోరిక. "మా తాతలది సముద్రం ఒడ్డురా, నా ఒంట్ల ఉన్నయే ఉప్పునీళ్లు" అంటుండేవాడు. తాతలది కాకినాడ వైపు అన్న మాట నిజమే. సారు మాత్రం రెండేళ్ల పిల్లాడిగా సికింద్రాబాద్ వచ్చాడు. ఆ తర్వాత ఆయన దగ్గరగా చూసిన పెద్ద నీళ్లు హుస్సేన్ సాగరే. మా ప్రాక్టీసు కూడా అందులోనే, ముక్కుకు రుమాళ్లు కట్టుకుని. ఆ నీళ్లలో వాసన సంగతి ఎలా ఉన్నా ఒక నెమ్మది ఉంది, పొద్దున ఎక్కడుంటాయో సాయంత్రం కూడా అక్కడే ఉంటాయి.

గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాకినాడలో దిగి, యానాం బస్సు పట్టుకున్నాం. చుట్టూ మన రాష్ట్రమే అయినా యానాం పాండిచ్చేరి కిందికి వస్తుంది. గోదావరి అక్కడికి కాస్త దిగువన సముద్రంలో కలుస్తుంది. సరిహద్దు దాటగానే రోడ్డుకు రెండు పక్కలా బ్రాందీ షాపులు. అంతదాకా కునుకుతున్న మగవాళ్లంతా నిటారుగా కూర్చున్నారు. సారు కళ్లు మూసుకుని ప్రార్థనలోకి వెళ్లిపోయాడు. మధ్యమధ్య ఒక కన్ను తెరిచి బోర్డులు చదవడం నేను చూశాను.

పందెం ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి. పొద్దున ఏడింటికే ఎవరి పడవ వాళ్లకు అప్పగించారు. చెక్క పడవ, రెండు తెడ్లు. ఆ ఊరి జట్లు పడవల్ని ఏటి మధ్యకు తీసుకెళ్లి అక్కడ పాతిన రాటలకు కట్టి, ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాయి. సారుకు వాళ్లమీద జాలేసింది.

"వీళ్ల దిమాక్ జూడు. మెట్లు పెట్టుకొని గంత దూరం ఎవడన్న కడ్తడా?" అని మా పడవను రేవు మెట్లకు ఆనించి గట్టిగా కట్టాడు.

మెట్ల మీద చేపలమ్ముకునే కాంతమణి ఆపబోయింది. "అక్కడ కట్టకండి బాబూ."

"మాది ఈ దిక్కే అమ్మా," అన్నాడు సారు.

"ఆయ్, అయితే మీకు తెలిసే ఉంటాదండి," అని ఆవిడ తన చేపలు తాను సర్దుకుంది.

పందెం ఉందని ఆరాధన మానడం సారుకు కుదరదు. ఊళ్లో చర్చి వెతుక్కుని వెళ్లాం. కొత్తవాళ్లు లేచి రెండు మాటలు సాక్ష్యం చెప్పమన్నారు అక్కడి పాస్టరు గారు. రెండు మాటలంటే సారు లెక్కలో గంట. పుట్టుక దగ్గర షురూ చేశాడు. పదకొండు కొట్టేసరికి అరవై రెండులో వచ్చిన టైఫాయిడ్ ఇంకా తగ్గలేదు. నేను చొక్కా అంచు లాగాను, ఆయన ఇంకో జ్వరంలోకి వెళ్లాడు.

పదకొండున్నరకు రేవుకొచ్చి చూస్తే ఏరు లేదు. అంటే ఉంది, దూరంగా ఉంది. మెట్ల నుంచి అక్కడిదాకా నల్లటి బురద, ఆ బురదలో ఒక పక్కకు ఒరిగి మా పడవ. ఏటి మధ్యలో ఊరి పడవలు మాత్రం హాయిగా తేలుతున్నాయి.

"నీళ్లు ఏడికి పోయినయి?" అన్నాడు సారు.

"ఆటు కదండీ," అంది కాంతమణి. "పొద్దున్న పోటు మీదుంది. ఇప్పుడు తీసేసింది. మళ్లీ సాయంత్రానికొత్తాయండి."

"సాయంత్రం దాకా ఎట్లమ్మా?"

"మీది ఈ దిక్కే అన్నారు కదండీ."

నాకు ఒళ్లు మండిపోయింది. పై అధికారి అని కూడా చూడలేదు. "తొమ్మిదేండ్ల బతుకు సార్ నాది. మీ టైఫాయిడ్‌ల కొట్టుకపోయింది. మా డోరా మోండా మార్కెట్ల ఉల్లిగడ్డలామెకు సుత చెప్పుకున్నది, మా ఆయన పర్మినెంటు అయితుండని. ఇప్పుడు ఆమెకేం చెప్పాలె?" అని మెట్ల మీద కూలబడ్డాను.

సారు బూట్లు విప్పాడు. ఆదివారం తెల్ల ప్యాంటును మోకాళ్లపైకి మడిచి బురదలో దిగాడు. "లే. తొయ్యి," అన్నాడు.

తోశాం. ఒక అడుగు ముందుకు, అరడుగు లోతుకు. మేము సగం దూరంలో ఉండగా విజిల్ వినబడింది, మిగతా పడవలన్నీ వెళ్లిపోయాయి. ఎలాగో నీళ్ల అంచుకు చేరాం. ఇద్దరం ఎక్కితే పడవ అడుగు నేలకు పట్టేసింది. సారు దిగితే తేలింది. మళ్లీ ఎక్కాడు, మళ్లీ పట్టేసింది. ఒంటిగంటకు ఇదే ఒడ్డున పందెం ముగిసే గీత దగ్గర జెండా దింపేస్తారు, ఆ తర్వాత చేరినవాడికి కాగితం లేదు.

సారు దిగి, జేబులోంచి రూల్సు కాగితం తీశాడు. తొడల దాకా బురదలో నిలబడి ఆఫీసులో ఫైలు చదివినట్టే చదివాడు. "పడవకు ఇద్దరికి మించరాదు అని రాసిండ్రు. ఇద్దరు ఉండాలని యాడ రాయలే. నువ్వు పో."

"మీరు సార్?"

"నేనెక్కితే ఇద్దరం ఈడనే ఉంటం. జెర జల్ది పో."

రెండు చేతులతో పడవను లోతుకు తోశాడు, ఆ ఊపుకు ఆయన నడుము దాకా దిగబడ్డాడు. నేను వెనక్కి చూడలేదు, చూస్తే తెడ్డు ఆడదని తెలుసు. కిలోమీటరు దూరం. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. ఒడ్డున పిల్లలు నన్ను చూసి ఈలలు వేశారు. జెండా దింపడానికి మనిషి తాడు పట్టుకుని ఉండగా గీత దాటాను. ఆఖరువాణ్ణి, అయినా దాటాను.

బల్ల దగ్గర కూర్చున్నాయన దరఖాస్తులో రెండు పేర్లు చూసి రెండు సర్టిఫికెట్లు రాశాడు. ఒకటి నాది, ఒకటి దేవానందం గారిది. నేనేమీ అనలేదు. ఆయనకు ఒక్కటైనా దక్కితే బాగుండుననే అనిపించింది.

అరగంటకు సారు ఒడ్డు వెంట నడుచుకుంటూ వచ్చాడు. కాంతమణి, ఇంకో ఇద్దరు తాడేసి లాగారట. నడుము నుంచి కింద మనిషి కనబడలేదు, బురదే. బల్ల మీద తన పేరున్న కాగితం తీసి, దూరంగా పట్టుకుని, తీరిగ్గా రెండుసార్లు చదివాడు.

"పెన్నియ్యండి," అన్నాడు. తన పేరు మీద అడ్డంగా గీత గీశాడు. కింద సంతకం పెట్టి తారీకు వేశాడు.

"ఏంది సార్ గిట్ల చేసిండ్రు?" అన్నాను.

"దాటనోని పేరు మీద కాగితముంటే, రేపు ఎవడన్న ఫైలు తీసి దాటినోనిది సుత అబద్ధమంటడు."

నాకు ఏడుపు ఆగలేదు. తొమ్మిదేళ్లు నేను చాటుగా వెక్కిరించిన మనిషి ముందు, అంతమందిలో, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. సారు బురద చెయ్యి నా భుజం మీద వెయ్యబోయి, చెయ్యి చూసుకుని ఆగిపోయాడు.

"ముందు ఆ కాగితం లోపల పెట్టుకోరా," అన్నాడు. "తడుస్తది."