నూనె లేని కూర

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు మొగుడి ట్యూబు కడిగేస్తుంది స్వరూప. వినయ్ కుడి పక్కటెముకల కింద నుంచి సన్నటి గొట్టం, దాని చివర సంచి, సంచిలో లివర్ నుంచి కారే పసరు. ఆ పసరును కొలత గ్లాసులోకి వంపి, రంగు చూసి, నోటుబుక్కులో రాయాలి. తర్వాత సిరంజితో సెలైన్ మెల్లగా ఎక్కించాలి, చర్రున నొక్కితే చలిజ్వరం పట్టుకుంటుంది. ఇదంతా నేర్పుతానని దవాఖానలో నర్సు పిలిచిన రోజు అత్త లక్ష్మీదేవికి ఉన్నట్టుండి మోకాళ్ల నొప్పులొచ్చాయి, మరిది దినేష్‌కు ఫోనొచ్చింది. నేర్చుకున్నది స్వరూపే.

పోయినేడు వినయ్‌కు లివర్ పూర్తిగా చెడిపోయింది. పాపం తాగుడు లేదు, తిరుగుడు లేదు, చిన్నప్పటి నుంచీ లోపల దాగిన జబ్బు. ముందు దినేష్‌కు పరీక్షలు చేశారు. అత్త దవాఖాన నుంచి వచ్చి హాల్లో కూలబడి ఏడ్చింది. "వానిది పనికిరాదంటనే. లివరంతా కొవ్వేనంట. నా పెద్దకొడుకు నాకు దక్కడమ్మే!" అంది. స్వరూప ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నాది చూడమనుండ్రి" అంది. వినయ్ "వద్దు స్వరూపా, నీకెందుకు కష్టం" అన్నాడు, రెండుసార్లు అన్నాడు. ఆ పూట అత్త తన చేత్తో కాఫీ కలిపి ఇచ్చింది. పెళ్లయిన ఆరేళ్లలో అదే మొదటిసారి.

సగానికి పైగా లివర్ కోసిచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండానే వినయ్ కళ్లు పసుపు ముద్దలయ్యాయి. లివర్ నుంచి పసరు దిగే నాళాన్ని కుట్టిన చోట సందు మూసుకుపోయిందన్నారు. నోట్లోంచి కెమెరా దించి, బెలూన్‌తో సందు వెడల్పు చేసి, సన్నటి గొట్టాలు పెట్టారు. అవి పూడుకుపోతే తీసి మళ్లీ పెట్టారు. ఆఖరికి తీగ కూడా దూరనంటే పక్కలోంచి ఈ ట్యూబు వేశారు.

పరామర్శకొచ్చిన చుట్టాలతో అత్త ఒకటే మాట. "ఇచ్చేది సరైంది ఇచ్చింటే వీనికి ఈ పాట్లెందుకు?" వినయ్ అయితే నవ్వించేవాడు. "నా కడుపులో ఇప్పుడు తెలంగాణ ఉంది కదప్పా, ఊరికే ఉంటుందా, ధర్నా చేస్తాంది!" అనంతపురం చుట్టాలు పగలబడి నవ్వేవాళ్లు. కాఫీ కప్పులు అందిస్తూ స్వరూప కూడా నవ్వేది. లోపల మాత్రం నిజంగానే తప్పు చేసినట్టు ఉండేది, ఆయన ఒంట్లో పుల్లలు పెడుతున్నది తన ఒంటిదే కదా అని.

దినేష్ మీద జాలి సరేసరి. కొవ్వు పట్టిన లివర్‌తో ముప్పై ఏళ్లకే ఏమైపోతాడోనని, ఏడాదిగా అతనికి వేరే చిన్న గిన్నెలో నూనె లేకుండా కూర వండుతోంది. అతను ఏనాడూ వద్దనలేదు. మూతి ముడుచుకుని తినేవాడు.

ఇక ఉద్యోగం. హైటెక్ సిటీలో ఇద్దరివీ రెండు కంపెనీలు. వినయ్‌కు వాళ్లు ల్యాప్‌టాప్ ఇంటికే పంపారు. స్వరూప మేనేజరేమో జీతం లేని సెలవులు కూడా అయిపోయాయని, సోమవారం రాకపోతే పేరు తీసేస్తానని చెప్పేశాడు. "మనలో ఒకరు ఇంట్లో ఉండాల్సిందే. మరి నీ లివరే కదా ఇట్లా చేస్తోంది" అన్నాడు వినయ్. రాజీనామా ఉత్తరం కూడా తనే టైపు చేసి పెట్టాడు, ఆమె సెండ్ నొక్కడమే తరువాయి. నొక్కడానికి స్వరూపకు మనసు రావడం లేదు. ఎనిమిదేళ్ల ఉద్యోగం. అయినా శుక్రవారం పంపేస్తానని మాటిచ్చింది.

గురువారం దవాఖాన నుంచి ఫోను. వచ్చేవారం మళ్లీ తీగ దూర్చి చూస్తారట, ఇంట్లోవాళ్లు ఒకరొచ్చి మాట్లాడాలట. బయట తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, బస్సుల్లేవు. అనంతపురం నంబరున్న కారు తీయడానికి దినేష్ భయపడ్డాడు. "నువ్వు పోమ్మే, రోడ్డు మీదుండేది మీవోళ్లే కదా" అంది అత్త. నానక్‌రామ్‌గూడ నుంచి నాయిన నర్సింహ పాత స్కూటరేసుకుని ప్రగతి నగర్‌లో వీళ్లింటి దాకా వచ్చి బిడ్డను తీసుకెళ్లాడు.

కుర్ర డాక్టరు ఆపరేషన్ నాటి ఫైలు ముందేసుకుని కూర్చున్నాడు. స్వరూప తలొంచుకుని, "నా లివర్ల ఏం లోపమున్నది సార్?" అని అడిగేసింది.

"లోపమా? ఎవరన్నారండీ?" కాగితం మీద బొమ్మ గీశాడు. "మీకు కుడివైపు నాళం రెండుగా ఉంది. చాలామందికి అంతే. కాకపోతే రెండు సన్నటి నోళ్లు, రెండు చోట్ల కుట్టాలి. బిగుసుకుపోయే అవకాశం ఎక్కువ. అందుకే ముందు మీ మరిదిగారిది తీసుకుందామనుకున్నాం, ఆయనకు ఒకటే నాళం."

"ఆయనకు కొవ్వు పట్టిందంటిరి గద?"

డాక్టరు పేజీలు తిప్పాడు. "లేదే, అన్నీ బాగానే ఉన్నాయి. మీవాళ్లే వద్దన్నారు, ఇదిగో."

వినయ్ రాత. తమ్ముడికి పెళ్లి కావలసి ఉంది, పొట్ట మీద కోత ఉంటే సంబంధాలు రావు, కుటుంబమంతా ఆలోచించి నా భార్యను దాతగా పంపుతున్నాం. కింద సంతకం, తేదీ. అత్త హాల్లో కూలబడి ఏడ్చిన రోజుకు రెండు రోజుల ముందు తేదీ.

ఎంత మోసం! తను అనబోయే మాటను తనకంటే ముందే రాసి సంతకం పెట్టేశారు. ఆ ఏడుపు, ఆ కాఫీ, ఆ రెండు 'వద్దు'లు. సందు పడక గొట్టాలు దూర్చిన ప్రతిసారీ ఎవరికీ కనబడకుండా బాత్రూంలో ఏడ్చింది తను. తనవాళ్లనుకుంది.

బయటికొస్తే నాయిన, "ఏంది బిడ్డా, మొఖం గట్లున్నది?" అన్నాడు.

"ఏం లేదు నాయినా. తొవ్వల జర ఆపు, పల్లినూనె కొనాలె."

షట్టరు సగం దించిన దుకాణంలో నూనె ప్యాకెట్, పక్క బండి మీద లేత వంకాయలు కొంది. సాయంత్రం గుత్తి వంకాయ వండింది. అందరికీ ఒకే గిన్నె. దినేష్ కంచంలో రెండు కాయలు వేసి, పైన తేలిన నూనె గరిటెడు పోసింది.

"ఏమ్మే, వానికి వేరేగా చేయలేదా? నూనె తేలతాండాదే!" అంది అత్త.

"అవసరం లేదత్తమ్మా. డాక్టరు పాత ఫైలు చూపించిండు. దినేష్ లివర్ల చుక్క కొవ్వు లేదంట. తిను దినేష్, కడుపు నిండ తిను."

దినేష్ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. వినయ్ కంచం పక్కకు జరిపాడు. "స్వరూపా, అమ్మ బాగా భయపడింది, అందుకే..."

"ఆ కాగితం మీద నీ దస్కత్ మంచిగనే ఉన్నది వినయ్. చెయ్యి ఏం వణకలే."

"పెళ్లి కావాల్సిన పిల్లోడమ్మా! కోతుంటే పిల్లనెవరిస్తారు?" అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అవు. నాకు పెళ్లయిపాయె, కోస్తే ఏమైతది."

లోపలికెళ్లి సిరంజి, సెలైన్ సీసా, నోటుబుక్కు తెచ్చి దినేష్ కంచం పక్కన పెట్టింది. "తిన్నంక చేతులు సబ్బుతోని కడుక్కో. ఆదివారం లోపల నేర్పిస్త."

"నేనా వదినా? నాకు చూస్తేనే కళ్లు తిరుగుతాయి."

"నాకు గూడ తిరిగినయి. మెల్లగ నొక్కాలె, గంతే."

ల్యాప్‌టాప్ తెరిచి, వినయ్ టైపు చేసిన ఉత్తరాన్ని అందరి ముందే తీసేసింది. "సోమవారం నుంచి మా నాయినోళ్ల ఇంటికాడి నుంచే ఆఫీసుకు పోత" అంది.

వినయ్ చెయ్యి తన పక్కనున్న సంచి మీదికి పోయింది. "మరి నేను? నాలో ఉన్నది నీదే కదా స్వరూపా!"

"ఇచ్చిందేదో ఇచ్చిన, వాపస్ అడగ. మిగిలిన నన్ను తీస్కపోతున్న."