చుక్క పెట్టిన తాబేళ్లు

పన్నెండు వందల తాబేళ్లు. ఆ అంకె తేలిన రోజు నీహారిక సంతోష్‌నగర్‌లోని తన ఇంట్లో ఎగిరి గంతేసినంత పని చేసింది. చాంద్రాయణగుట్ట దాటాక ఉన్న ఆ చిన్న చెరువులో, అంత మురుగులో, అన్ని బతికున్నాయంటే మాటలా మరి.

లెక్క తేలికే. మొదటిసారి వలల్లో పడ్డ అరవై తాబేళ్ల వీపు మీద పసుపు రంగు చుక్క పెట్టి వదిలేసింది. రెండు వారాలు ఆగి మళ్లీ పట్టించింది. తాబేళ్లు తక్కువైతే చుక్క ఉన్నవే తిరిగి చిక్కుతాయి, బోలెడుంటే కొత్తవి చిక్కుతాయి. ఈసారి బుట్టల్లోకి వచ్చిన నలభైలో చుక్క ఉన్నవి రెండే. అంటే ఇరవైకి ఒకటి. అరవైని ఇరవైతో గుణించింది, అంతే.

అవతలి గట్టు మీద మట్టి పోసి రోడ్డు వేయాలని చూస్తున్న అధికారులు ఆమె నివేదిక కోసమే ఆగారు. తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ గట్టులోనే. అయినా పన్నెండు వందలు ఉన్నప్పుడు ఒక గట్టు పోతే కొంపలేం మునగవని రాసి, సంతకం పెట్టి ఇచ్చింది.

ఆ వారమే ఒక సాయంత్రం సాయిలుకు మిఠాయి ఇద్దామని వెళ్లింది. చెరువు పక్కన ఆయనకు ముప్పై బర్రెలు. నీళ్లలో దిగి వలలు ఎత్తిందంతా ఆయనే. ఆమె గట్టు మీద కూర్చుని కొలతలు రాసుకుంది. నెల రోజులు ఆయన ఇంటి చాయ్ తాగింది గానీ, ఆ చుక్క దేనికో ఒక్క ముక్క చెప్పలేదు. చదువుకున్నవాళ్లకు అదొక జబ్బు.

సాయిలు ఒక బర్రె కొమ్ముకు సున్నం రాస్తున్నాడు.

"అదెందుకు బాబాయ్?"

"పాలు పిండిందేదో పిండందేదో ఎర్కుండాలె గద బిడ్డా. సున్నమున్నదాని కాడికి మల్ల పోం. నీ తాబేళ్లకు గూడ గట్లనే జేసిన. సుక్కున్నయి నువ్వు లెక్కవెట్టినయే గద, మల్లెందుకని నీళ్లల్లనే ఇడిశిన."

నీహారిక మిఠాయి డబ్బా కింద పెట్టేసింది.

"బుట్టలోకి రెండు వచ్చాయి కదా?"

"బురద వట్టి కనవడలేదేమో."

"ఎన్ని వదిలేశారు?"

"మస్తు. నలభై దాక ఉంటయ్. ఏ వల ఎత్తినా సగం అవ్వే."

దొరికినవి నలభై కాదు, ఎనభై. అందులో సగానికి పైగా చుక్క ఉన్నవే. అంటే చుక్క పెట్టిన ఆ అరవైయే చెరువులో సగానికి పైగా, మొత్తం మీద నూట పదిహేను కూడా ఉండవు. వెంటనే అధికారికి ఫోన్ చేసింది. ఆపండి, లెక్క తప్పు అంది.

"పొద్దుగాల్నే మట్టి పోసినం మేడమ్. రోలర్ గూడ తిరిగింది. మీరే గదా ఏం కాదని రాసిచ్చిన్రు."

సాయిలు బిత్తరపోయి చూస్తున్నాడు. "నా దిక్కెల్లి ఏమన్న తప్పయిందా బిడ్డా?"

"మీది కాదు బాబాయ్. నేనే చెప్పలేదు." అవతలి గట్టు సంగతి చెప్పింది.

ఆయన అవతలి గట్టు వైపు చూశాడు.

"నిన్న మాపటికి ఆ గట్టు మీదికి ఓ ఇరవై దాక ఎక్కినయ్, గుడ్లకు," అన్నాడు. "దిగంగ నేనైతే సూడలే."