ఎర్ర మూత సీసాలు

ఆదివారం సాయంత్రం వదిన వంటింటి గట్టు మీద ఆరు గాజు సీసాలు వరసగా పెట్టేది. మూడు నీలం మూతలవి, మూడు ఎర్ర మూతలవి. మందుల షాపులో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న మనిషి, కొలత తప్పే చెయ్యి కాదు. ఓట్స్, పాలు, గట్టి పెరుగు, చియా గింజలు, పైన ప్రొటీన్ పౌడరు. మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి ఉబ్బి, చెంచా నిలబడేంత గట్టిపడాలి. బుధవారం మళ్ళీ ఇంకో ఆరు.

నీలం మూతవి అన్నయ్యవి, జిమ్‌కి పోతున్నాడు. ఎర్ర మూతవి పుల్లవి. పుల్ల అంటే అన్నయ్య చెల్లెలు. ఆ పేరు వదిన పెట్టిందే. పదిహేడేళ్ళ పిల్ల, పడవ పందేల జట్టులో తెడ్డు వేస్తుంది. క్రీడల హాస్టల్లో సీటు రావాలంటే నలభై ఎనిమిది కిలోలు ఉండాలి. తను నలభై ఆరున్నర. సీటొస్తే ఆ ఇంట్లోంచి బయటపడుతుంది. రాకపోతే వదిన కవలల ముక్కులు తుడుస్తూ అక్కడే.

సీసాలు కలిపే వేళకి పుల్లకి కవలల స్నానాల పని. సీసాలు కడిగే పనీ ఆమెదే. అన్నయ్య పక్కన నిలబడి గుడ్డతో తుడిచేవాడు.

"తిను తిను. గాలొస్తే ఎగిరిపోతావని మీ అన్నయ్యకి ఒకటే బెంగ," అనేది వదిన పొద్దున్నే. "పడవలో నువ్వెందుకు, ఆ తెడ్డునే కూర్చోబెట్టమనకపోయావా?"

"బాగుంది వదినా," అనేది పుల్ల, సీసా అడుగు గీరుకుంటూ.

"బాగుండకేం? కొలిచి మరీ వేశాను."

మూడు వారాలు గడిచాయి. శనివారం హాస్టల్ వాళ్ళ కాటా ఎక్కితే ముల్లు నలభై ఆరు కిలోల తొమ్మిది వందల దగ్గర ఆగింది. కోచ్ మేడమ్ రెండోసారి ఎక్కించింది. ముల్లు కదల్లేదు.

"చెప్పినట్టు తిన్నావా?"

"ఒక్క పూట మానలేదు మేడమ్."

"పౌడరు?"

"మా వదిన కొలిచి వేస్తుంది."

"మా ఇంట్లో ఆ పౌడరు కలిపిన సీసాలు తోమలేక గోళ్ళు అరిగిపోతున్నాయి, బంకలా అతుక్కుపోతుంది. అంత తిన్నా నీకు కిలో రాలేదంటే ఏమనాలి?" అని కోచ్ పేరు పక్కన అడ్డగీత గీసింది.

కాటా దిగుతుంటే పుల్లకి ఇంట్లో సింకు గుర్తొచ్చింది. నీలం మూత సీసాలకి వేణ్ణీళ్ళు, బ్రష్షు, చివరికి గోరు కావలసి వచ్చేవి. ఎర్ర మూతవి ఒక్కసారి తొలిపితే తళతళలాడేవి. తను అంత శుభ్రంగా గీరి తింటోంది కదా అని ఇన్నాళ్ళూ మురిసిపోయింది.

తలుపు తీసిన వదిన గుమ్మంలోనే అడిగింది. "ఎంతొచ్చావ్?"

"సరిపోలేదు."

"అయ్యో పాపం," అని కవలల్లో ఒకణ్ణి పుల్ల చంకకెక్కించింది వదిన. "నా వైపు నుంచి లోటేమైనా చేశానా చెప్పు? నీ ఒళ్ళే అంత. పోన్లే, వచ్చే నెల నుంచి నాకు సాయంత్రం డ్యూటీ కూడా ఉంది, పిల్లలకి నువ్వుంటావు. పదిహేను రోజుల కిందటే ఒప్పేసుకున్నాలే."

ఆ సాయంత్రం పుల్ల సింకు దగ్గర నిలబడింది. అన్నయ్య గుడ్డ పట్టుకుని వచ్చాడు. ముందు గదిలో వదిన ఫోన్లో ఎవరితోనో నవ్వుతోంది.

"అన్నయ్యా," అంది పుల్ల. "ఎర్ర మూతవి తోమక్కర్లేదు. నీళ్ళు పోస్తే చాలు."

అతను చేతిలో సీసాని దీపానికెత్తి చూశాడు. లోపలా బయటా తుడిచాడు. బోర్లించాడు.

"తెలుసు," అన్నాడు. "మెల్లగా మాట్లాడు. వింటుంది."

తర్వాత నీలం మూత సీసా అందుకుని, లోపల వేలు పెట్టి రుద్ది చూసి, తిరిగి ఆమె చేతికిచ్చాడు.

"ఇది ఇంకా జిగటగానే ఉంది. మళ్ళీ తోము."