నాలుగో నిమిషంలో ఖాళీ కుర్చీ

"సెస్త్రో, కాఫీ పొంగుతోంది."

పొయ్యి పక్కనే నిలబడి, ఆ పొయ్యి మీది కాఫీ పొంగుతోందని పక్క గదిలో ఉన్న నన్ను పిలిచినవాడు నా భర్త, డాక్టర్ మోమీర్. ముప్ఫై ఏళ్లుగా మనుషుల పొట్టలు కోసి కుడుతున్న చేతులవి. కాఫీ గిన్నె పిడి పట్టుకుని పక్కకి దించడానికి మాత్రం రావు. నేను వెళ్లాను, దించాను, పొయ్యి తుడిచాను, అతని కప్పులో పోశాను, పంచదార ముందుకు జరిపాను, వచ్చి మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఇందులో వింతేమీ లేదు. కాకపోతే ఆ సమయంలో నేను రికార్డింగులో ఉన్నాను.

సెస్త్రో అంటే సిస్టర్. మా సెర్బియాలో ఆస్పత్రి గడప తొక్కితే నర్సులందరం సెస్త్రోలమే, రోగికైనా డాక్టరుకైనా గేటు దగ్గర మనిషికైనా. పెళ్లికి ముందు వార్డులో నన్ను అలాగే పిలిచేవాడు. పెళ్లయ్యాక కూడా మానకపోతే, తోడబుట్టినదాన్ని పిలిచినట్టు పెళ్లాన్ని పిలుస్తావేమిటయ్యా అని నలుగురూ నవ్వారు. "అలవాటైపోయింది, ఏం చెయ్యను" అని తనూ నవ్వాడు. నవ్వులు ఆగిపోయాయి, పిలుపు ఉండిపోయింది. భోజనాల దగ్గర ఉప్పు కావాలంటే తల ఎత్తడు. ఆపరేషన్ బల్ల దగ్గర కత్తెర కోసం చాపినట్టు అరచెయ్యి చాపుతాడు. అందులో ఉప్పు పెట్టేదాకా ఆ చెయ్యి అలాగే ఉంటుంది. మా అత్తగారు పెర్సిదా మంచాన పడిన ఆరేళ్లూ, చూడవచ్చిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పేది: "మావాడు తెలివైనవాడు. కోడల్ని తేలేదు, నర్సుని తెచ్చాడు." నేను పక్కనే ఆవిడ దుప్పటి మారుస్తూ, అది మెప్పే అనుకున్నాను.

నలభై దాటాక మళ్లీ చదువు మొదలుపెట్టాను. నైట్ డ్యూటీల మధ్య పీజీ, ఆపైన డాక్టరేటు. ఆ పట్టా ఇంటికి తెచ్చిన రోజు మోమీర్ దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "ఇంట్లో ఇద్దరు డాక్టర్లయితే మరి సెస్త్రో ఎవరు?" అన్నాడు. ఈ అక్టోబరులో కాలేజీవాళ్లు నాకు ఒక ఆన్‌లైన్ తరగతి ఇచ్చారు. ఉద్యోగాలు చేస్తూ పీజీ చదివే ముప్ఫై ఒక్కమంది నర్సులకి నేను నర్సింగ్ సిద్ధాంతం చెప్పాలి. "రోగి కింద బెడ్‌పాన్ పెట్టడానికి కూడా సిద్ధాంతముందా?" అన్నాడు. మళ్లీ తనే, "డీన్‌కి నేనో మాట చెప్పబట్టి ఇచ్చారులే" అన్నాడు. అది నిజమో కాదో నాకు తెలియదు. నిజమైతే మాత్రం, ఒక మాటతో వచ్చింది ఇంకో మాటతో పోతుంది. ఆ భయం అప్పటినుంచీ నన్ను వదల్లేదు.

ఈ ఆదివారం మధ్యాహ్నం పన్నెండు లోపల స్వాగత వీడియో, మొదటి వారం ప్రశ్న పెట్టాలి. సూపు పొయ్యి మీద పెట్టి, వీడియో ఎలా వచ్చిందో చూద్దామని మొదటినుంచీ వేసుకున్నాను. నీలం కోటు, పొద్దున్నే దువ్వుకున్న జుట్టు, బాగానే ఉన్నాను. "ఈ తరగతిలో ఎవరూ ఎవరికీ భయపడక్కర్లేదు. నర్సంటే పిలవగానే లేచే మనిషి కాదు, ముందుగా..." అంటున్నాను. అప్పుడు వినపడింది, సెస్త్రో. తెర మీది ఆడది లేచింది.

వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. పిలుపుకీ లేవడానికీ మధ్య ఒక్క సెకను కూడా లేదు. విసుగు లేదు, నొసలు ముడిపడలేదు, మాట మధ్యలో తెగిపోయిందన్న స్పృహ కూడా ఆ ముఖంలో లేదు. తర్వాత ఖాళీ కుర్చీ. దాని వెనక అద్దాల బీరువాలో, డిశ్చార్జి అయిన రోగులు ఇచ్చిపోయిన కాఫీ పొట్లాలు. గుడ్డ రాస్తున్న చప్పుడు, చెంచా చప్పుడు, "పంచదార" అని మోమీర్ గొంతు. రెండు నిమిషాల నలభై సెకన్లు. ఆవిడ తిరిగి వచ్చి, చెయ్యి కోటుకి తుడుచుకుని, "ముందుగా ఆలోచించే మనిషి" అంటూ నవ్వింది. ఇన్నేళ్లూ నేను ఏడ్చుకుంటూ, తిట్టుకుంటూ లేస్తున్నాననే అనుకున్నాను. అలా కాదు, ఏమీ అనుకోకుండానే లేస్తున్నాను.

వీడియో మళ్లీ తీద్దామనుకున్నాను. ఇంకా ముప్పావుగంట ఉంది. పైగా విద్యార్థుల జాబితాలో తొమ్మిదిమంది మోమీర్ వార్డు వాళ్లే. అందులో రాద్మిల అతని హెడ్ నర్సు, పంతొమ్మిదేళ్లుగా అతని పక్కనే నిలబడుతోంది. వాళ్లకి ఆ గొంతు నిద్రలో వినపడినా తెలిసిపోతుంది. మర్నాడు వార్డంతా చెప్పుకుంటారు. మోమీర్ కొట్టే మనిషి కాదు. అందరూ ముందు అదే అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. అతను మాట్లాడడు, అంతే. మా ఇంటి ఇలవేల్పు పండగ నాడు నేను పరీక్షకి వెళ్లానని పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజున నేనే తప్పయిందన్నాను.

వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. "మోమీర్, ఒక్క పది నిమిషాలు నన్ను పిలవకు. మళ్లీ రికార్డు చేసుకోవాలి."

పేపరులోంచి తల ఎత్తాడు. ముఖంలో నిజమైన ఆశ్చర్యం. "నేనెప్పుడు పిలిచాను?"

"ఇందాక. కాఫీకి."

"కలగన్నావా? పొద్దుట్నుంచి నేను నోరే విప్పలేదు. నీ చదువేదో నువ్వు చదువుకుంటున్నావని ఊరుకున్నాను." మళ్లీ పేపరులోకి వెళ్లిపోయాడు. అబద్ధం ఆడటం లేదు. అతనికి నిజంగానే గుర్తు లేదు.

వచ్చి కూర్చున్నాను. మొదటి వారం ప్రశ్న అని రాసి పెట్టుకున్నదంతా కొట్టేసి, ఇలా రాశాను: "ఈ వీడియో నాలుగో నిమిషంలో కుర్చీ రెండు నిమిషాల నలభై సెకన్లు ఖాళీగా ఉంటుంది. ఆ సమయంలో ఏ పని జరిగింది? చేసినవాళ్లకి అది పని అనిపించిందా? చేయించుకున్నవాళ్లకి గుర్తుందా? మీ ఇంట్లో ఆ కుర్చీ ఎవరిది? ఐదు వందల మాటల్లో రాయండి." వేలు మీట మీద పెట్టి ఎంతసేపున్నానో తెలియదు. పన్నెండుకి రెండు నిమిషాలుండగా నొక్కాను.

ఇరవై నిమిషాల తర్వాత మొదటి జవాబు వచ్చింది, రాద్మిల నుంచి. ఐదు వందల మాటలు లేవు. "ప్రొఫెసర్ గారూ, నాలుగో నిమిషంలో నేనూ లేచి నిలబడ్డాను. మా ఇంట్లో. నేనొక్కదాన్నే ఉన్నాను."

అది చదువుతుండగానే వంటింట్లోంచి వినపడింది. "సెస్త్రో, సూపు పొంగుతోంది."

మోకాళ్లు వాటంతటవే కదిలాయి. రెండు చేతులతోనూ కుర్చీ అంచు పట్టుకున్నాను. కూర్చునే అన్నాను.

"పొంగనీ."